ఆసుపత్రి రికార్డులో మీ పొగాకు వివరం: చెప్పే తీరు, వ్రాయించే తీరు, సరిచూసుకునే తీరు

ఆసుపత్రికి వెళ్లిన పెద్దలందరికీ ఎదురయ్యే ప్రశ్నలలో ఒకటి పొగాకును గురించినది. దానికి సమాధానం చెప్పడానికి అర నిమిషమైనా పట్టదు. కాని ఆ అర నిమిషంలో చెప్పిన మాట కంప్యూటరులో ఒక వరుసగా నిలిచిపోతుంది. తరువాత చూసే వైద్యులు అదే ప్రశ్నను మళ్లీ అడగకపోవచ్చు. ఉన్న వరుసను నమ్మి మందు వ్రాస్తారు, పరీక్ష చేయిస్తారు, లేదా పరీక్ష అవసరం లేదని నిర్ణయిస్తారు. అందువలన ఆ వరుస సత్యమై ఉండడం రోగికి ఎంతో ముఖ్యం.

మహారాష్ట్ర నగరాలలో స్థిరపడిన తెలుగువారికి ఈ విషయంలో ఒక అదనపు చిక్కు ఉన్నది. ప్రశ్న మరాఠీలోనో హిందీలోనో వస్తుంది. మనం తెలుగులో ఆలోచించి, వచ్చినంతలో ఆ భాషలో బదులు చెబుతాము. వ్రాసేవారు దానిని ఇంగ్లీషు గడిలో నింపుతారు. ఇన్ని మెట్లు దిగే సరికి మాట మారిపోవచ్చు. అది ఎక్కడ మారుతుందో, దానిని ఎలా కాపాడుకోవాలో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

1. ఆ వరుస ఎలా పుడుతుంది?

పూర్వం వైద్యులు కేసు కాగితంపై తమ మాటలలో వ్రాసేవారు. “ఇరవై ఏళ్లుగా బీడీలు, రోజుకు పది, ఈ మధ్య తగ్గించాడు” అన్న వాక్యంలో ఎంతో సమాచారం ఇమిడి ఉండేది. కంప్యూటరు తెరపై సాధారణంగా అటువంటి వాక్యానికి బదులు కొన్ని గడులు ఉంటాయి. “ఎన్నడూ లేదు”, “గతంలో ఉండేది”, “ఇప్పుడు ఉన్నది” అనే మూడింటిలో ఒకదానిని ఎంచుకోవాలి. కొన్ని చోట్ల “తెలియదు” అనే నాలుగవది కూడా ఉంటుంది.

ఇందులో మూడు ప్రమాదాలున్నాయి. మొదటిది, రద్దీ ఎక్కువగా ఉన్న వేళ ప్రశ్న అడగకుండానే “లేదు” అని నింపడం. అడగలేదు అనడానికీ, అలవాటు లేదు అనడానికీ ఎంతో తేడా ఉన్నది. తెరపై మాత్రం రెండూ ఒకటిగా కనిపిస్తాయి. రెండవది, పాత నమోదును కొత్త సందర్శనలోకి యథాతథంగా తెచ్చుకోవడం. ఒకసారి దొర్లిన తప్పు ఈ విధంగా ప్రతి చీటీలోను ప్రత్యక్షమవుతుంది. అన్ని చీటీలలోను ఒకే మాట ఉన్నది గనుక నిజమే అయి ఉంటుందని చూసేవారు భావిస్తారు. మూడవది, ఒకే గడిలో పలు విషయాలను కలిపివేయడం.

మూడవదానికి మనకు దగ్గరి ఉదాహరణ ఉన్నది. ముప్పై ఏళ్లు దాటిన వారిలో మధుమేహం, రక్తపోటు, కొన్ని క్యాన్సర్లను ముందుగా గుర్తించడానికి ఆశా కార్యకర్తలు ఇంటింటికి వచ్చి ఒక పత్రం నింపుతారు. అందులో పొగ త్రాగడం, గుట్కా, ఖైనీ వంటివి నమలడం ఒకే ప్రశ్నగా ఉంటాయి. ఎన్నడూ లేకపోతే 0, గతంలో ఉండి మానినా లేక ఇప్పుడు అప్పుడప్పుడు వాడుతున్నా 1, ప్రతిదినం వాడితే 2. వయస్సు, నడుము కొలత, శరీరశ్రమ, మద్యం, కుటుంబ చరిత్రలకు వచ్చే అంకెలను వీటికి కూడుతారు. మొత్తం 4 దాటితే ఆ వ్యక్తిని పరీక్షకు ముందు వరుసలో పిలవాలి.

ఇతర ప్రశ్నలకు 3 వచ్చిన వ్యక్తిని తీసుకుందాం. ఆయన ప్రతిదినం ఖైనీ నములుతారు. ఆ మాట చెబితే మొత్తం 5 అవుతుంది. “నేను సిగరెట్టు ముట్టను” అని మాత్రమే చెప్పి ఊరుకుంటే మొత్తం 3 దగ్గరే ఆగుతుంది. ఆయన చెప్పినది అబద్ధం కాదు. అయినా ముందు వరుసలో ఉండవలసిన మనిషి వెనుకకు పోతాడు.

2. భాష మారినప్పుడు అర్థం మారే చోట్లు

అనువాదపు పనిలో తరచుగా ఎదురయ్యే నాలుగు మాటలను ఇక్కడ పరిశీలిద్దాం.

వ్యసనం. మరాఠీ వైద్యులు సాధారణంగా “కాహీ వ్యసన్ ఆహే కా?” అని అడుగుతారు. పొగాకు గాని, మద్యం గాని వాడే అలవాటు ఉన్నదా అని వారి భావం. తెలుగులో వ్యసనం అన్నది బరువైన మాట. జూదం ఆడి ఇల్లు గుల్ల చేసుకున్నవాడిని, త్రాగి వీధిలో పడినవాడిని వ్యసనపరుడంటాము. భోజనం తరువాత ఒక బీడీ కాల్చే పెద్దమనిషి ఆ మాట విని నొచ్చుకుని “నాకు అటువంటివి లేవు” అంటాడు. ఈ ప్రశ్న వినబడినప్పుడు దానిని “మీకు పొగాకు, మద్యం అలవాటు ఉన్నదా?” అని మనసులో తర్జుమా చేసుకోవాలి.

తంబాఖూ. పొగాకు అనే తెలుగు మాటలోనే పొగ ఉన్నది. మరాఠీ వాడుకలో తంబాఖూ అన్నప్పుడు ఎక్కువగా సున్నంతో నలిపి బుగ్గన పెట్టుకునేదే గుర్తుకు వస్తుంది. కనుక “తంబాఖూ ఉన్నదా?” అంటే బీడీ కాల్చేవారు లేదనవచ్చు. “పొగాకు ఉన్నదా?” అంటే నమిలేవారు లేదనవచ్చు. ఎవరూ అబద్ధమాడలేదు, రెండు రికార్డులూ తప్పుతాయి.

ధూమపానం. ఇది గ్రంథాలలోని మాట. చాలామంది పెద్దలకు ఇది సిగరెట్టు పెట్టె మీద హెచ్చరికగానే పరిచయం. అందుచేత సిగరెట్టుకే వర్తిస్తుందని అనుకుంటారు. బీడీ, చుట్ట, హుక్కా అన్నీ ధూమపానం కిందికే వస్తాయి.

త్రాగడం. “తాగుతారా?” అని తెలుగువారిని తెలుగులో అడిగినా, వస్తువు పేరు చెప్పకపోతే అది మద్యాన్ని గురించిన ప్రశ్న అవుతుంది. “లేదు” అన్న జవాబు పొగాకు గడిలో పడితే నష్టమే. అందుకే అడిగేవారు బీడీ కాలుస్తారా, సిగరెట్టు కాలుస్తారా, చుట్ట కాలుస్తారా, ఖైనీ పెట్టుకుంటారా అని వస్తువు పేరుతో అడగడం మేలు.

ఈ తేడా ఎంతదో తెలుసుకోవడానికి ఒక ఊహా సంభాషణను చూడండి. శ్రీకాకుళం ప్రాంతం నుండి కొడుకు వద్దకు వచ్చిన ఒక వృద్ధురాలిని తెలుగు తెలిసిన నర్సు అడుగుతున్నది.

“అమ్మా, మీకు పొగ తాగే అలవాటు ఉందా?”

“అయ్యో, ఆడదాన్ని, నాకెందుకుంటాది తల్లీ!”

“చుట్ట కాలుస్తారా అమ్మా?”

“చుట్టా? అది పొద్దున్నొకటి, రాత్రికొకటి. చిన్నప్పట్నుంచీ ఉన్నదే కదా.”

“నిప్పు బయట పెడతారా, నోట్లోకి పెడతారా?”

“నోట్లోకే తల్లీ. మా వైపు ఆడాళ్లం అందరం అడ్డపొగే.”

మొదటి జవాబుతో ఆగిపోయి ఉంటే రికార్డులో “ఎన్నడూ లేదు” అని ఉండేది. మూడు ప్రశ్నలతో ఆమె నోటిని, ముఖ్యంగా అంగిలిని, వెలుతురులో పరీక్షించాలన్న సంగతి తేలింది. నిప్పు కొసను నోటిలో ఉంచుకుని చుట్ట కాల్చడాన్ని అడ్డపొగ అంటారు. ఉత్తరాంధ్ర తీరంలోను, దానిని ఆనుకున్న దక్షిణ ఒడిశాలోను, ముఖ్యంగా స్త్రీలలో ఉన్న ఈ అలవాటును దంత వైద్య పరిశోధకులు గత శతాబ్దిలోనే అధ్యయనం చేశారు. దీనికి అంగిలిపై వచ్చే మచ్చలతోను, క్యాన్సరుతోను సంబంధం ఉన్నదని తేల్చారు. రికార్డులో ఒట్టి “స్మోకర్” అన్న మాట ఉంటే అంగిలి సంగతి వైద్యునికి తట్టకపోవచ్చు. “అడ్డపొగ” అన్న మాటను వివరంతో సహా వ్రాయించాలి.

3. ఏయే రూపాలను పేరుతో చెప్పాలి?

2016-17లో జరిగిన ప్రపంచ వయోజన పొగాకు సర్వే ప్రకారం మన దేశంలో పెద్దలలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. పొగ రూపంలో వాడేవారు 10.7 శాతం. పొగలేని రూపాలలో, అంటే నమిలి, దంతాలకు రుద్ది, ముక్కుతో పీల్చి వాడేవారు 21.4 శాతం. రెండు విధాలా వాడేవారు ఉన్నందున ఈ రెండు అంకెల మొత్తం 28.6ను మించుతున్నది. మొత్తం పెద్దలలో బీడీ వాడేవారు 7.7 శాతం, సిగరెట్టు వాడేవారు 4 శాతం. అంటే సిగరెట్టును ఒక్కదానినే ఉద్దేశించి అడిగిన ప్రశ్న మన దేశపు పొగాకు వాడకంలో చాలా భాగాన్ని తాకనే తాకదు.

కాబట్టి ఈ క్రింది వాటిలో మీకు సంబంధించిన ప్రతి దానినీ పేరుతో చెప్పండి.

కాల్చేవి: సిగరెట్టు, బీడీ, చుట్ట, అడ్డపొగ, హుక్కా. బీడీలో ఆకు పొగాకు తక్కువే అయినా దాని పొగలో నికోటిన్, తారు, కార్బన్ మోనాక్సైడు సిగరెట్టు పొగలో కంటె ఎక్కువగా ఉంటాయి. “బీడీయే కదా” అని తీసివేయదగినది కాదు.

నమిలేవి: ఖైనీ, గుట్కా, అంబర్, జర్దా వేసిన కిళ్లీ. “పాన్ మాత్రమే” అన్నప్పుడు అందులో జర్దా ఉన్నదో లేదో కూడా చెప్పాలి.

రుద్దేవి, పీల్చేవి: మహారాష్ట్రలో స్త్రీలు పళ్లు తోముకునే మశేరీ వేయించిన పొగాకు పొడియే. దీనిని మిశ్రీ అని కూడా అంటారు. ఇక్కడికి వచ్చిన తరువాత ఇరుగుపొరుగును చూసి దీనిని అలవాటు చేసుకున్నవారు పండ్లపొడిగానే భావించి చెప్పరు. ఒడిశా వైపు నుండి వచ్చిన కుటుంబాలలో గుడాఖు కూడా ఇటువంటిదే. నశ్యం, అంటే ముక్కుపొడి, కూడా ఈ జాబితాలోనిదే.

పనిలో తగిలేవి: షోలాపూరులో తరతరాలుగా బీడీలు చుట్టే పనిలో ఉన్న తెలుగు స్త్రీలు ఎందరో. నిజామాబాదు, కరీంనగరు ప్రాంతాలలో ఆ పని చేసి వచ్చినవారూ ఉన్నారు. వారిలో చాలామంది జీవితంలో ఒక్క బీడీ అయినా కాల్చి ఉండరు. వారి రికార్డులో “ఎన్నడూ లేదు” అని ఉండడం సరైనదే. కాని రోజంతా పొగాకు పొడి పీల్చిన సంగతి, తడి చేతులతో ఆకును తాకిన సంగతి వృత్తి గడిలో నమోదు కావాలి. “బీడీలు చుట్టే పని, ఇన్ని సంవత్సరాలు” అని వ్రాయించండి. కట్టెల పొయ్యి మీద వంట చేసిన ఏళ్లను, ఇటుక బట్టీలలో పని చేసిన ఏళ్లను కూడా చెప్పండి. ఊపిరితిత్తుల జబ్బును అంచనా వేయడానికి ఇవి అవసరం. ఆశా కార్యకర్త తెచ్చే పత్రంలో ఇంటి వంటచెరకును గురించీ, పొగ, దుమ్ము తగిలే పనులను గురించీ ప్రశ్నలు ఉండడానికి కారణం ఇదే.

4. లెక్క చెప్పే పద్ధతి

ఎంత కాల్చారు అన్నదానిని వైద్యులు ప్యాక్-ఇయర్ అనే కొలతతో కొలుస్తారు. రోజుకు 20 సిగరెట్ల ప్యాకెట్టు ఒకటి చొప్పున ఒక సంవత్సరం కాలిస్తే అది ఒక ప్యాక్-ఇయర్. రోజుకు 10 సిగరెట్లు 30 సంవత్సరాలు కాల్చినవారికి అర ప్యాకెట్టును 30తో గుణించగా 15 వస్తుంది.

ఇక్కడ మన అంగళ్ల వాడుక అడ్డు వస్తుంది. మన దగ్గర 10 సిగరెట్ల ప్యాకెట్టు సర్వసాధారణం. విడిగా ఒకటి, రెండు కొనేవారూ చాలామందే. “రోజుకో ప్యాకెట్టు, 24 ఏళ్లు” అని చెబితే కంప్యూటరు 20 సిగరెట్ల ప్యాకెట్టుగా తీసుకుని 24 అని చూపుతుంది. నిజానికి అది 12. ఇంకొక చోట రోజుకు ఎన్ని ప్యాకెట్లు అన్న గడిలో సిగరెట్ల సంఖ్య 10 అని నింపితే లెక్క ఇరవై రెట్లు పెరిగిపోతుంది. అందుచేత ప్యాకెట్టు, కట్ట అన్న మాటలను విడిచి ఎన్ని సిగరెట్లు, ఎన్ని బీడీలు, ఎన్ని చుట్టలు అని విడి సంఖ్యగానే చెప్పండి. బీడీలను సిగరెట్ల లెక్కలోకి మార్చి చెప్పకండి. ఆ పని వైద్యునిది.

జీవితమంతా ఒకే తీరుగా కాల్చినవారు అరుదు. పద్దెనిమిదవ ఏట రోజుకు రెండు, మగ్గం పనిలో చేరాక రోజుకు పదిహేను, గుండె నొప్పి వచ్చాక రోజుకు మూడు అన్నట్లు దశలుంటాయి. “ఇప్పుడు మూడే” అని చెబితే నలభై ఏళ్ల చరిత్ర మూడులో మునిగిపోతుంది. దశలవారీగా చెప్పండి. సంవత్సరాలు గుర్తు లేకపోతే ఇంటి ఘట్టాలతో కొలుచుకోండి. పెళ్లి నాటికి ఎన్ని, పెద్దబిడ్డ పుట్టే నాటికి ఎన్ని, నగరానికి వచ్చినప్పుడు ఎన్ని అని ఇంట్లో కూర్చుని ఆలోచిస్తే సుమారుగా తేలుతుంది. సుమారు అని చెప్పి ఇచ్చిన సంఖ్య కూడా ఖాళీ గడి కంటె మేలు.

మానినవారు మానిన నెలను, సంవత్సరాన్ని చెప్పాలి. “మానేశాను” అన్న మాటకు మన వాడుకలో హద్దు లేదు. పదేళ్ల క్రితం మానినవారూ, జ్వరం వచ్చి మొన్ననే ఆపినవారూ అదే మాట అంటారు. మానిన తరువాత గడిచిన కాలాన్ని బట్టి శరీరం కోలుకుంటుంది. ఏడాదికి గుండె జబ్బు ముప్పు, కాలుస్తూనే ఉన్నవారితో పోలిస్తే దాదాపు సగానికి తగ్గుతుంది. పదేళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు సుమారు సగానికి తగ్గుతుంది. తేదీ లేని “మానేశారు” అన్న నమోదు వైద్యునికి సగం సమాచారమే ఇస్తుంది. మళ్లీ మొదలుపెట్టి ఉంటే అదీ చెప్పండి. మాని మళ్లీ మొదలుపెట్టడం చాలామందికి జరిగేదే.

5. తప్పు నమోదు వలన కలిగే నష్టం

మందు మోతాదు. ఆయాసానికి వాడే థియోఫిల్లిన్ అనే మందును పొగ త్రాగేవారి కాలేయం త్వరగా హరించివేస్తుంది. వారికి ఎక్కువ మోతాదు అవసరం కావచ్చు. అటువంటివారు హఠాత్తుగా మానివేస్తే అదే మోతాదు రక్తంలో పేరుకుని వాంతులు, గుండె దడ వంటివి కలుగవచ్చు. మానసిక వైద్యంలో వాడే క్లోజాపిన్ విషయంలోనూ ఇంతే. ఈ ప్రభావం పొగలోని ఇతర పదార్థాల వలన వచ్చేది, నికోటిన్ వలన కాదు. అందుచేత నమిలేవారికి ఇది వర్తించదు. పొగాకు ఉన్నదా లేదా అని మాత్రమే కాక, ఏ రూపంలో, ఎప్పటి వరకు అన్నది ఎందుకు కావాలో దీని వలన తెలుస్తుంది.

శస్త్రచికిత్స. మత్తు ఇచ్చే వైద్యునికి రోగి పొగ త్రాగుతారని ముందుగా తెలియాలి. పొగ త్రాగేవారికి కఫం, శ్వాస సమస్యలు ఎక్కువగా వస్తాయి. గాయం మానడం ఆలస్యమవుతుంది. ముందుగా తెలిస్తే కొన్ని వారాల ముందే మాన్పించడానికి అవకాశం ఉంటుంది.

గర్భనిరోధక మాత్రలు. ముప్పై ఐదేళ్లు దాటి పొగ త్రాగే స్త్రీలకు ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు తగవు. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. స్త్రీలను ఈ ప్రశ్న అడగకుండానే “లేదు” అని నింపే అలవాటు ఎంత ప్రమాదకరమో దీనిని బట్టి గ్రహించవచ్చు.

బీమా. బీమా దరఖాస్తులో పొగాకు ప్రశ్నకు ఇచ్చిన జవాబుకూ, ఆసుపత్రి రికార్డుకూ పొంతన లేకపోతే క్లెయిము సమయంలో వివాదం రావచ్చు. వాడే అలవాటును దాచినవారికే కాదు, ఎన్నడూ ముట్టకపోయినా ఎవరో పొరపాటున “ఉన్నది” అని నింపిన వారికీ ఈ చిక్కు వస్తుంది.

ఎలక్ట్రానిక్ రికార్డులు మనకంటె ముందుగా విస్తరించిన అమెరికా అనుభవం కూడా ఇక్కడ తెలుసుకోదగినది. 2009 నాటి ఒక చట్టం తరువాత అక్కడి ప్రభుత్వం, కంప్యూటరు రికార్డులు వాడే వైద్యులకు ప్రోత్సాహకాలిచ్చింది. పదమూడేళ్లు, ఆపై వయస్సు గల రోగుల పొగ త్రాగే అలవాటును నమోదు చేయడం వాటి షరతులలో ఒకటి. దానితో గడులు నిండాయి. కాని నిండిన గడి సరైన గడి కావాలని లేదు. అక్కడ ఊపిరితిత్తుల క్యాన్సరును ముందుగా గుర్తించే సి.టి. పరీక్షకు 2021 నుండి ఉన్న సిఫారసు ఇది: వయస్సు 50 నుండి 80 మధ్య ఉండాలి, 20 ప్యాక్-ఇయర్లు నిండాలి, ఇప్పటికీ కాలుస్తుండాలి లేదా మాని 15 ఏళ్లు దాటి ఉండకూడదు. ఒక రోగి రికార్డులో 2015లో 16 ప్యాక్-ఇయర్లు అని వ్రాశారనుకుందాం. ఆయన రోజుకు ఒక ప్యాకెట్టు చొప్పున కాలుస్తూనే ఉంటే 2021కి అది 22 కావాలి. ఎవరూ సవరించకపోతే 16గానే ఉండిపోతుంది, పరీక్షకు పిలుపు రాదు. ఇటువంటి లోపాలను అక్కడి పరిశోధకులు ఎత్తి చూపారు. మన దేశంలోనూ రికార్డులు కంప్యూటరులోకి మారుతున్న ఈ కాలంలోనే ఆ పాఠం నేర్చుకోవడం మంచిది.

6. చెప్పడానికి సంకోచం కలిగితే

కోడలి ముందు అత్తగారు మశేరీ సంగతి చెప్పలేరు. తండ్రి పక్కన కూర్చున్న కొడుకు సిగరెట్టు మాట ఎత్తలేడు. దుబాసీగా వెంట వచ్చిన పిల్లవాడు “మా నాన్నకు అలాంటివేమీ లేవు” అని తానే జవాబు చెప్పివేస్తాడు. ఇవి మన ఇళ్లలో జరిగేవే. మర్యాద కోసం దాచిన మాట రికార్డులో సత్యంగా స్థిరపడుతుంది.

దీనికి మార్గాలున్నాయి. పొగాకు సంగతి ఏకాంతంలో చెబుతానని నర్సును కోరవచ్చు. ఇంట్లోనే ఒక చీటీపై వ్రాసుకుని వెళ్లి వైద్యునికి ఇవ్వవచ్చు. వెంట వెళ్లినవారు అడిగిన ప్రశ్నను తెలుగులో రోగికి చెప్పి, రోగి చెప్పిన జవాబునే తిరిగి చెప్పాలి. తమ ఊహను కలపకూడదు. వైద్యుడు అలవాటును అడిగేది చికిత్స కోసమే. ఆ ప్రశ్నను మందలింపుగా భావించనక్కరలేదు.

7. రికార్డును చూసే హక్కు, సరిచేయించే పద్ధతి

2002 నాటి వైద్యవృత్తి ప్రవర్తనా నియమాల ప్రకారం రోగి గాని, రోగి అధికారమిచ్చిన వ్యక్తి గాని వైద్య రికార్డు కోరితే 72 గంటలలోగా ఇవ్వాలి. కేంద్ర ప్రభుత్వం 2016లో సవరించి ప్రకటించిన ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల ప్రమాణాలు, రికార్డులోని పొరపాట్లను సవరించమని కోరే అవకాశాన్ని రోగికి ఇచ్చాయి. ఆసుపత్రి నుండి విడుదలైన నాటి నుండి, లేదా వైద్యుని చూసిన నాటి నుండి, 30 రోజులలోగా నమోదయ్యే విధంగా కోరాలని అందులో ఉన్నది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టం కూడా తన వివరాలను సరిచేయించుకునే హక్కును గుర్తించింది.

2021 సెప్టెంబరు 27న దేశవ్యాప్తంగా ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద 14 అంకెల ఆభా సంఖ్య ఇస్తున్నారు. దానికి జోడించిన రికార్డులను మీ అనుమతితో వేరొక ఆసుపత్రి చూడగలదు. ఇది ఎంతో సౌకర్యం. ఊరిలోని చికిత్స వివరం నగరంలో దొరుకుతుంది. అదే విధంగా తప్పు కూడా మీతో ప్రయాణిస్తుంది. కనుక జోడించడానికి ముందే చూసుకోవడం మంచిది.

సరిచేయించే క్రమం ఇది. మొదట డిశ్చార్జి పత్రంలో, ఓ.పి. చీటీలో పొగాకును గురించిన వరుసను వెదకండి. అది ఇంగ్లీషులో ఉంటే చదవగలిగినవారితో చదివించుకోండి. తప్పు ఉంటే చికిత్స చేసిన వైద్యునికి అక్కడే చెప్పండి. అక్కడ తీరకపోతే రికార్డుల విభాగానికి వ్రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, అందినట్లు ముద్ర వేసిన నకలును దగ్గర ఉంచుకోండి. పాత నమోదును పూర్తిగా చెరపాలని పట్టుబట్టకండి. వైద్య రికార్డులో పాతది అలాగే ఉండి, దాని వెంట సవరణ, తేదీ చేరడమే సరైన పద్ధతి.

అర్జీలో ఉండవలసిన విషయం ఇంతే: “నేను ఫలానా తేదీన మీ ఆసుపత్రిలో చికిత్స పొందాను. నా రికార్డు సంఖ్య ఇది. పొగాకు వివరంలో ఇలా వ్రాసి ఉన్నది. వాస్తవం ఇది. దయచేసి సవరించి, సవరించిన ప్రతిని నాకు ఇప్పించగలరు.” దీనిని మరాఠీలో గాని, హిందీలో గాని, ఇంగ్లీషులో గాని వ్రాయించి ఇవ్వవచ్చు.

8. అభ్యాసం

ఈ రోజే ఇంట్లో ఒక కాగితం తీసుకుని పెద్దలలో ఒక్కొక్కరికీ ఈ క్రింది జవాబులు వ్రాయండి. దానిని ఆసుపత్రి కాగితాల సంచిలో ఉంచి, సంవత్సరానికి ఒకసారి సవరించండి.

అ) కాల్చేవాటిలో ఏమి వాడారు? ఒక్కొక్కటి ఏ వయస్సులో మొదలైంది?
ఆ) రోజుకు ఎన్ని? ఏ దశలో ఎన్ని? ప్యాకెట్లలో కాక విడి సంఖ్యలో వ్రాయండి.
ఇ) నమిలేవి, రుద్దేవి, పీల్చేవి ఏమి వాడారు? రోజుకు ఎన్నిసార్లు?
ఈ) మానివేసి ఉంటే ఏ నెల, ఏ సంవత్సరం? మళ్లీ మొదలుపెట్టారా?
ఉ) ఇంట్లో గాని, పనిచోట గాని పక్కవారి పొగ తగులుతున్నదా?
ఊ) బీడీలు చుట్టే పని, కట్టెల పొయ్యి, బట్టీ పని, ఎన్ని సంవత్సరాలు?
ఋ) ఎన్నడూ ఏదీ వాడకపోతే “ఏ రూపంలోనూ ఎన్నడూ లేదు” అని స్పష్టంగా వ్రాయండి.

కాగితం నింపుతుండగా మానాలన్న ఆలోచన ఎవరికైనా కలిగితే, పొగాకు మానడానికి సహాయపడే జాతీయ ఉచిత ఫోను సేవ 1800 11 2356 ఉన్నది. పొగాకు పెట్టెలపై కూడా ఈ సంఖ్య ముద్రించి ఉంటుంది. మానిన రోజున ఆ తేదీని ఇదే కాగితంపై వ్రాసి, తరువాతి సందర్శనలో వైద్యునితో రికార్డులోకి ఎక్కించండి.